ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు

2020 డిసెంబరులో మొదలైన పొడి దగ్గును నేను మూడు వారాలపాటు ఆదోని గాలికి అంటగట్టాను. జిన్నింగు మిల్లులు జోరుగా నడిచే ఆ నెలల్లో దూది నుసికి దగ్గేవాళ్లు మా వీధిలో చాలామందే ఉంటారు కనుక, నా దగ్గు ఎవరికీ వింతగా తోచలేదు. కరోనా పరీక్షలో లేదని రావడంతో ధైర్యం తెచ్చుకుని ఇంకో నెల గడిపేశాను. సంక్రాంతి దాటేసరికి మేడమెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది, కుడివైపు తిరిగి పడుకుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు, జాకెట్లన్నీ వదులై తూకం చూసుకుంటే ఆరు కిలోలు తగ్గాను.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది సగం తెల్లగా కనిపించింది. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్యనున్న పొరల సందులో నీరు చేరిందని చెప్పి, వీపులో సూది గుచ్చి లీటరుకు పైగా తీశారు. ఆ నీరు ఎర్రగా ఉండటం నేను కళ్లారా చూశాను. మన దేశంలో ఇలా నీరు చేరితే డాక్టర్లకు మొదట గుర్తొచ్చేది క్షయ, అందులో తప్పేమీ లేదు. అయితే తెమడలో క్రిమి కనిపించకపోయినా, తీసిన నీటిలో క్యాన్సర్ కణాలేమైనా ఉన్నాయేమో చూడకుండానే టీబీ మందులు మొదలుపెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగుకు మారితే మందు బాగా పనిచేస్తోందని సంబరపడ్డాను. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పిన నేను కూడా, ఎర్రటి నీటి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు నెలల్లో నీరు మళ్లీ చేరింది.

అప్పుడు కర్నూలు వెళ్లాం. అక్కడి ఛాతీ వైద్యుడు, “అమ్మా, మీకు ఎప్పుడైనా పొగ తాగే అలవాటు ఉండేదా?” అని అడిగారు. “లేదు సార్, పొయ్యి పొగ మాత్రం పాతికేళ్లు పీల్చినాను” అన్నాను. ఆయన నవ్వకుండా దాన్ని కూడా కాగితం మీద రాసుకున్నారు. పత్తికట్టె, కందికట్టె తప్ప వేరే వంటచెరకు ఎరుగని ఇంట్లో పెరిగినదాన్ని. కట్టెల పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతుందనీ, అయితే నా జబ్బుకు అదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరనీ ఆయన వివరించారు. ఈసారి తీసిన నీటిని సీసాల్లో నింపి కణాల పరీక్షకు పంపారు. ఎడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్న పేరు కింద వేర్వేరు జబ్బులు ఉన్నాయని నాకు తెలిసింది అప్పుడే. స్మాల్ సెల్ రకం ఎక్కువగా పొగతాగేవారిలో వస్తుంది, చాలా వేగంగా పాకుతుంది. కీమోకు, రేడియేషన్‌కు మొదట బాగా లొంగి, తరచూ తిరగబెడుతుంది. నూటికి దాదాపు 85 మందిలో కనిపించేది నాన్ స్మాల్ సెల్ రకం. అందులో స్క్వామస్, ఎడినో వంటి భేదాలు ఉన్నాయి, పొగ ఎన్నడూ తాగనివారిలో ఎక్కువగా వచ్చేది ఎడినోనే. గడ్డ ఒకచోటే ఉన్నప్పుడు దొరికితే ఊపిరితిత్తిలో అది ఉన్న భాగాన్ని కోసి తీసేస్తారు. నాకు ఆ అవకాశం దాటిపోయింది. నీటిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయంటేనే నాలుగో దశ అని అర్థమట. ఈ జబ్బు మెదడుకు, ఎముకలకు, కాలేయానికి, మూత్రపిండాల మీదుండే ఎడ్రినల్ గ్రంథులకు పాకుతుంది కనుక పెట్ స్కాన్, మెదడుకు ఎమ్మారై కూడా చేశారు. అక్కడ ఏమీ లేదన్న మాట విని మా అబ్బాయి ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చాడు.

వెంటనే కీమో ఎక్కిస్తారనుకుంటే, జన్యు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమన్నారు. ఆ పద్దెనిమిది రోజులు ఎలా గడిచాయో రాయడం నా చేత కాదు. క్యాన్సర్ కణాల్లోని ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉందనీ, దాన్ని అడ్డుకునే జెఫిటినిబ్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి వేసుకోవాలనీ చెప్పారు. నా మందుల చీటీలన్నీ చూసి డాక్టరు చెప్పిన మాట ఇదీ: రిఫాంపిసిన్ ఈ మాత్రను శరీరంలో నిలవనీయదు, గ్యాస్ మాత్ర దాన్ని సరిగా ఒంటబట్టనీయదు. టీబీ మందులను ఆయన అప్పటికే ఆపించారు. ఏళ్ల తరబడి పరగడుపున వేసుకుంటున్న గ్యాస్ మాత్రను మాత్రం, అదీ ఒక మందేనన్న స్పృహే లేక, నేను ఎవరికీ చెప్పలేదు. చీటీలో దొరికింది కాబట్టి సరిపోయింది.

మూడో వారానికి వెల్లకిలా పడుకోగలిగాను. ముఖం నిండా మొటిమల్లాంటి పొక్కులు లేచాయి, కాలి బొటనవేళ్ల గోటి అంచులు వాచి చెప్పులు వేసుకోనివ్వలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. పరామర్శకు వచ్చిన ఒకావిడ, “పొగ తాగేటోళ్లకు గదా ఈ రోగం వచ్చేది, నీకెట్లొచ్చె?” అని అడిగింది. ఆ ప్రశ్నలోని అనుమానం పొక్కుల కన్నా ఎక్కువ మండించింది. పొగ తాగినవాళ్లకు వచ్చినా అది రోగమే గానీ శిక్ష కాదు గదా. మూడు నెలల తరవాత స్కానులో గడ్డ సగానికి పైగా తగ్గింది, నీరు మళ్లీ చేరలేదు.

2022 ఆగస్టులో గడ్డ మళ్లీ కొంచెం పెరిగింది. ఈ మాత్రకు అలవాటుపడిన కణాల్లో సగానికి పైగా సందర్భాల్లో టీ790ఎం అనే కొత్త మార్పు వస్తుందట. రక్త పరీక్షలో నాకు అదే దొరికింది, అప్పటినుంచి ఆ మార్పును కూడా అడ్డుకునే ఓసిమెర్టినిబ్ 80 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. రెండేళ్లు దాటింది. నయమైందని డాక్టరు ఒక్కసారీ అనలేదు, అదుపులో ఉందని మాత్రమే అంటారు. ఆ తేడా నాకు అర్థమైంది, మావారికి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. నేను దగ్గితే ఆయన చేతిలోని పేపరు వదిలేసి వంటింటి గడప దాకా వస్తారు. చాలాసార్లు అది ఎండుమిరప తిరగమోత ఘాటే.