పీజీ దరఖాస్తు: రెండో ఏడాదిలోనే ఎత్తుకోవాల్సిన పనులు

కాకినాడ, భీమవరం, అమలాపురం కాలేజీల్లో పీజీ మాట ఎత్తగానే కోచింగ్ ఎక్కడ అని అడుగుతారు. కోచింగ్ సంగతి డబ్బు కడితే తేలిపోతుంది. దరఖాస్తు ఎక్కువగా ఆగేది ఇంకొకరి చేతిలో ఉన్న కాగితాల దగ్గర. పేరు సవరణ, సిఫార్సు లేఖ, ట్రాన్‌స్క్రిప్ట్ (అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రం), రిజర్వేషన్ సర్టిఫికెట్ లాంటివి మీరు తొందరపడినంత మాత్రాన రావు. అందుకే ముందు వాటి పని పట్టాలి.

మొదట పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒట్టి ఇనీషియల్ ఉంటుంది. ఎంటెక్ ప్రవేశాలకి రాసే గేట్ దరఖాస్తులో పెట్టిన పేరు, పరీక్షకి పట్టుకెళ్లే గుర్తింపు కార్డులో పేరు ఒకటే ఉండాలి. టెన్త్ మెమో ప్రకారం ఆధార్ దిద్దించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే వీలు మామూలుగా రెండుసార్లే, కాబట్టి ఆపరేటర్ టైపు చేసింది అక్షరం అక్షరం చూసుకున్నాకే సరేననండి. పాస్‌పోర్ట్ ఆ తర్వాత. అందులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద మీ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు చోట ఎఫ్.ఎన్.యు. (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడ బ్యాంకు ఖాతా దాకా అదే పేరు వెంటపడుతుంది.

డిగ్రీ వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చాక, దాని పక్కన చదివే మైనర్ సబ్జెక్టుని చాలామంది స్నేహితుల్ని చూసి ఎంచుకుంటున్నారు. ఐఐటీల్లో కొన్ని ఎమ్మెస్సీ కోర్సులకి డిగ్రీలో గణితం ఇన్ని సెమిస్టర్లు చదివి ఉండాలన్న షరతు ఉంటుంది. ఆ కోర్సుల ప్రవేశ పరీక్ష జామ్‌లో మంచి ర్యాంకు వచ్చినా ఆ షరతు దగ్గర సీటు పోతుంది. మైనర్ ఎంచుకునే రోజే జామ్ వెబ్‌సైట్‌లో అర్హతల పట్టిక తీసి చూడండి.

సిఫార్సు లేఖల విషయంలో మనవైపు కాలేజీలకి ఒక జబ్బుంది. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు సార్లు. ముగ్గురి పేరుతో మూడు లేఖలు మీరే రాస్తే మూడూ ఒకేలా ఉంటాయి. చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. దానికి బదులు ఒక పేజీ ఇవ్వండి: ఆయన దగ్గర చదివిన సబ్జెక్టులు, మార్కులు, చేసిన ప్రాజెక్టు, అందులో మీ వంతు, ఎక్కడ తప్పారు, ఎలా సరిదిద్దారు. గడువుకి కనీసం రెండు నెలల ముందు అడగాలి. అమెరికా ఫాల్ ప్రవేశాల (ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే చదువుల) గడువులు చాలావరకు డిసెంబర్, జనవరి నెలల్లో ఉంటాయి కాబట్టి అక్టోబర్ దాటకూడదు. ప్రైవేటు కాలేజీల్లో సార్లు మారిపోతుంటారు. వెళ్లిపోయిన సారు కాలేజీ ఈమెయిల్ ఆగిపోతుంది, అడ్మిషన్ వాళ్లు జీమెయిల్‌ని అంతగా నమ్మరు. ఆయన కొత్త కాలేజీ ఈమెయిల్ అడిగి తెలుసుకోండి.

ఆ లేఖలో రాయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! కొనుక్కొచ్చిన ప్రాజెక్టుతో అది రాదు. మన చుట్టూ కావలసినంత పని ఉంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. రెండు చెరువుల్లో నెల రోజులు ప్రతి గంటా సెన్సర్ లెక్క తీసి, దాన్ని దేనితో సరిపోల్చుకున్నారో రాసిపెట్టుకుంటే చాలు. ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ పదిహేను నిమిషాలు దానిమీదే అడుగుతాడు. జీవశాస్త్రం వాళ్లకి స్వర్ణ వరి రకాన్ని ఇచ్చిన మార్టేరు పరిశోధన కేంద్రం దగ్గర్లోనే ఉంది.

గేట్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అంటే చివరి ఏడాదికి ఇంకో అవకాశం చేతిలో ఉన్నట్టే. విదేశీ పీజీకి అడిగే జీఆర్ఈ స్కోరు అయిదేళ్లు, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ రెండేళ్లు చెల్లుతాయి కాబట్టి ఇంగ్లిష్ పరీక్ష మరీ ముందు రాసేయకండి. జర్మనీ అయితే మన చదువు కాగితాలు సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ లేకుండా కదలదు, దానికి వారాలు పడుతుంది.

గేట్, జామ్ దరఖాస్తులు తీసుకునేది వరదలు, తుపాన్ల కాలంలో. లంక గ్రామాల వాళ్లు ఆఖరి రోజు కోసం ఆగకండి, కరెంటూ నెట్టూ రెండూ పోతాయి. ఇంట్లో కూర్చుని రాసే జీఆర్ఈ కంటే విజయవాడో విశాఖో వెళ్లి సెంటర్‌లో రాయడం మేలు. సంక్రాంతికీ గేట్‌కీ మధ్య మూడు వారాలే ఉంటాయి. ఆ పండక్కి ఇంట్లో చదువు సాగదు, సిలబస్ భోగికి ముందే అయిపోవాలి.

కన్సల్టెన్సీల గురించి ఒక్క మాట. చాలావాటికి కమిషన్ వచ్చేది ఒప్పందం ఉన్న యూనివర్సిటీల నుంచే. వాళ్ల జాబితా చూడండి గానీ ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) మాత్రం వాళ్లతో రాయించకండి.

గేట్ స్కోరు వచ్చాక ఐఐటీలే పిలుస్తాయనుకుని కూర్చునేవాళ్లున్నారు. ఒక్కో ఐఐటీకి విడిగా దరఖాస్తు పెట్టాలి, ఆఫర్లు ఐఐటీల ఉమ్మడి వెబ్‌సైట్ కోప్ (సీఓఏపీ)లో చూసుకోవాలి. ఎన్ఐటీలకి సీసీఎంటీ అనే కౌన్సెలింగ్ వేరు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. సెప్టెంబర్‌లో తీసుకున్నది వేసవి ప్రవేశాలకి పనికిరాదు, ఏప్రిల్ 1 దాటగానే కొత్తదానికి తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఓబీసీ వాళ్లు కేంద్ర జాబితాలో తమ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్రం నమూనాలోనే నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. అనుబంధ కాలేజీ వాళ్లకి ట్రాన్‌స్క్రిప్టులు ఇచ్చేది యూనివర్సిటీ. సప్లీ రాసి పాసైన మెమోలతో సహా అన్నీ చేతికి వచ్చినప్పుడే స్కాన్ చేసి పెట్టుకోండి.