అట్టపెట్టెతో మండువా లోగిలి: లెక్కంతా కప్పులోనే

బొమ్మరిల్లు అనగానే చాలామంది చెప్పుల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గదులు చేసి, ముందు తలుపు బిగిస్తారు. అందులో పిల్లల చెయ్యి దూరదు, సంక్రాంతి కొలువులో పెడితే లోపలి బొమ్మలు కనపడవు. మన మండువా ఇంటికి ఆ రెండు ఇబ్బందులూ లేవు. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారా, వసారా మీద లోపలికి వాలిన పెంకుల కప్పు. మూడు వైపులు కట్టి నాలుగో వైపు వదిలేస్తే ప్రతి మూలా కళ్లకు కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

ముందు బొమ్మ ఎత్తు కొలవండి. పెద్దవాళ్ల బొమ్మ అయిదున్నర అంగుళాలుంటే అడుగుకి ఒక అంగుళం లెక్క సరిపోతుంది. కింద చెప్పే కొలతలన్నీ ఆ లెక్కవే. కొండపల్లి బొమ్మల్లో ఒక సెట్టుకీ ఇంకో సెట్టుకీ పొంతన ఉండదు కాబట్టి ఇంట్లో నిలబెట్టబోయే బొమ్మలనే కొలవాలి. ద్వారం ఎత్తు, బొమ్మ ఎత్తు కంటే అర అంగుళం ఎక్కువ ఉంటే చాలు.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. వాషింగ్ మెషీన్ లాంటివి వచ్చే అయిదు పొరల అట్టపెట్టె ఒకటి, మూడు పొరల మామూలు పెట్టెలు నాలుగైదు, పావుకిలో ఫెవికాల్, పాత వార్తాపత్రికలు, చొక్కా గుండీలు, కొబ్బరి ఈనెలు, పాత నూలు చీర ముక్క, కొత్త బ్లేడుతో కట్టర్, స్టీలు స్కేలు. అయిదు పొరల అట్టను ఒక్క గీతకే తెంపాలని చూస్తే లోపలి ముడతల పొర చిరిగి అంచు పీచులు లేస్తుంది. స్కేలు కదలకుండా పట్టుకుని నాలుగు గీతల్లో తెంపండి. కట్టర్ పని మాత్రం పెద్దవాళ్లే చెయ్యాలి.

పీట 24 అంగుళాల పొడవు, 18 అంగుళాల లోతు. అయిదు పొరల అట్టలు రెండు, ఒకదాని ముడతలు నిలువుగా, రెండోదాని ముడతలు అడ్డంగా వచ్చేలా అతికించండి. ఒకే దిక్కున పెడితే పీట ఆరేలోగా అప్పడంలా వంగుతుంది. ఫెవికాల్‌లోని నీటికి అట్ట ఉబ్బుతుంది, ఆరేటప్పుడు మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే ఏ అట్టకైనా ఒక వైపే కాగితం అతికించి వదిలెయ్యకూడదు, వెనకవైపూ అతికించాలి. ఆరేదాకా పుస్తకాల బరువు పెట్టండి. మధ్యలో పాలిథీన్ వేస్తే తేమ లోపలే ఉండిపోతుంది, వార్తాపత్రికలు వేసి గంటకోసారి మార్చండి.

ఈ పీట మీద వసారా గచ్చు లేపాలి. ముందువైపు తెరిచి, మూడు వైపులా 6 అంగుళాల వెడల్పు ఉండేలా అయిదు పొరల అట్టలు రెండు ఒకదానిమీద ఒకటి వేస్తే అర అంగుళం లేస్తుంది. మధ్యలో 12 అంగుళాల చదరం పల్లంలో మిగులుతుంది. అదే మండువా. అసలు ఇళ్లలోనూ కప్పు మీద పడ్డ వాన అక్కడికే దిగి తూములోంచి బయటికి పోతుంది కాబట్టి ఈ పల్లం లేకుండా ఇల్లు కడితే అది మండువా అనిపించుకోదు. తూముకి జ్యూస్ పెట్టెతో వచ్చే కాగితపు స్ట్రా ముక్క సరిపోతుంది.

గోడలు 9.5 అంగుళాల ఎత్తు, మూడు పొరల అట్ట రెండేసి. కిటికీ 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు. రెండు అట్టలు అతికించేముందే మధ్యలో అయిదు కొబ్బరి ఈనెలు నిలువుగా పెట్టేయండి. తర్వాత పైనుంచి అతికించిన ఊచలు పిల్లల వేలు తగిలితే ఊడిపోతాయి, మధ్యలో ఇరికించినవి ఊడవు. వంటింటికి ఒక అడ్డుగోడ చాలు. వెనక మూలనుంచి 6 అంగుళాలు వదిలి, 6 అంగుళాల వెడల్పు ముక్క పెట్టండి. బయటి గోడవైపు 9.5, మండువా వైపు 7 అంగుళాల ఎత్తు, పై అంచు ఏటవాలు. మిగతా గదులు కట్టొద్దు. వెనక గోడకి రెండు ద్వారబంధాలు దిద్దితే వాటి వెనక గదులున్నట్టే ఉంటుంది.

స్తంభాలు పది కావాలి: వెనక వసారా అంచుకి మూలలతో కలిపి నాలుగు, పక్కలకి మూడేసి. వార్తాపత్రికను స్వెటర్ అల్లే సూది మీద బిగించి, అర అంగుళం లావు వచ్చేదాకా చుట్టి, సూది లాగేసి, ఒక రోజంతా ఆరనివ్వండి. తడిమీద కోస్తే అంచు నలిగిపోతుంది. ఆరాక హాక్సా బ్లేడుతో అన్నీ సరిగ్గా 6 అంగుళాలకి కొయ్యాలి. కింద గుండీలు పావు అంగుళం, పైన బోదె (స్తంభానికీ దూలానికీ నడుమ దిమ్మ) పావు అంగుళం, దాని మీద దూలం అర అంగుళం: మొత్తం 7. ఒక్క స్తంభం కాస్త పొట్టిదైనా దూలం అక్కడ కుంగి, పెంకుల వరుస వంకర పోతుంది. రంగు వేసేముందు ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి ఒక పూత పూయండి, లేకపోతే కాగితం రంగంతా తాగేస్తుంది.

ఇక కప్పు. ఎక్కువమంది చెయ్యి కాల్చుకునేది ఇక్కడే. గోడ దగ్గర 9.5, దూలం దగ్గర 7, అంటే 2.5 అంగుళాల వాటం. అడ్డంగా 6 అంగుళాలు. ఏటవాలు పొడవు 6.5 అంగుళాలు వస్తుంది (36, 6.25 కలిపితే 42.25, దాని వర్గమూలం). వెనక వాలు ముక్కకి గోడవైపు అంచు 24, మండువా వైపు అంచు 12, వెడల్పు 6.5. పక్క వాలు ముక్కలకి బయటి అంచు 18, లోపలి అంచు 12, ముందు కొస నిటారుగా, వెనక కొస ఏటవాలుగా. పైనుంచి చూస్తే మూల 45 డిగ్రీలుగా కనబడుతుంది కాబట్టి అట్టనూ 45 డిగ్రీలకే కోస్తుంటారు. అలా కోస్తే వెనక ముక్క లోపలి అంచు 12 బదులు 11 అంగుళాలే వస్తుంది. పక్క ముక్కల్లోనూ అర అంగుళం తరుగు, మూలల్లో సందులు పడతాయి. అందుకని కోణం కొలవకండి. పై అంచు, కింది అంచు పొడవులు గుర్తుపెట్టి, ఆ రెండు చుక్కలూ కలపండి.

మూడు ముక్కలనూ మూలల్లో అడుగువైపు నుంచి చీర పట్టీతో కలపండి. కాగితం టేపు కొన్నాళ్లకి లేచిపోతుంది, ఫెవికాల్ తాగిన నూలుగుడ్డ లేవదు. కప్పును గోడలకి మాత్రం అతికించొద్దు. మూతలా పైకెత్తగలిగితేనే లోపల దుమ్ము దులపగలం.

పెంకులకి మూడు పొరల అట్టనే వాడాలి. తడిగుడ్డతో ఒక వైపు తుడిచి, రెండు మూడు నిమిషాలాగి, ఆ పై కాగితం ఒలిచేస్తే లోపలి ముడతలు బయటపడతాయి. గూనపెంకుల వరుసకి ఇంతకన్నా దగ్గరి పోలిక మరొకటి దొరకదు. బకెట్లో ముంచితే ముడతలే చదునైపోతాయి, ముంచొద్దు. ముప్పావు అంగుళం పట్టీలుగా, ముడతలకి అడ్డంగా కొయ్యండి. అప్పుడే గాడులు వాన జారే దిక్కుకి ఉంటాయి. కింద దూలం నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో వరుస కింది వరుసను పావు అంగుళం కప్పుతూ పోవాలి. మొత్తం 13 వరుసలు, మూడు వాలులకీ కలిపి 52 అడుగుల పట్టీ. 20 అంగుళాలకి 30 అంగుళాల అట్ట తీసుకుంటే తరుగు పోను సరిపోతుంది. జాజులో ఫెవికాల్ నీళ్లు కలిపి పూసి, అక్కడక్కడ కాస్త నలుపు అద్దండి. అన్నీ ఒకే ఎరుపైతే ప్లాస్టిక్ రేకులా ఉంటుంది, పాత పెంకుల్లో ఏ రెండూ ఒక్క రంగులో ఉండవు.

గోడలకి తెలుపులో చిటికెడు నీలిమందు కలిపితే సున్నం వేసిన ఇంటి చల్లదనం వస్తుంది. గడపకి నిజం పసుపు పూయకండి. వెలుతురుకి వెలిసిపోతుంది, గోడకి అసలు సున్నమే వేసి ఉంటే అది తగిలినచోట ఎర్రబడుతుంది. పసుపు రంగు వేసి, అగ్గిపుల్ల కొసతో ఎర్ర బొట్లు పెట్టండి. మండువాలో ముగ్గుకీ అంతే, బియ్యప్పిండి వేస్తే చీమలు కప్పుదాకా పాకుతాయి. తెల్ల రంగులో ముంచిన పంటిపుల్లతో గీస్తే సన్నగా వస్తుంది. మైదా జిగురు పురుగుల్ని పిలుస్తుంది. బైండింగు పనివాళ్లు అందులో మైలుతుత్తం కలిపేది అందుకే, కానీ అది విషం. పిల్లలు తాకే బొమ్మరింట్లో వద్దు.

ఉయ్యాల బల్లకి ఐస్‌క్రీం పుల్లలు నాలుగు పక్కపక్కన అతికించి, తెగిన రోల్డు గోల్డు గొలుసు ముక్కలతో వేలాడదీయండి. కొక్కేలను కప్పు అట్టకి గుచ్చితే రెండు రోజుల్లో జారిపోతాయి, వసారాకి అడ్డంగా గోడ నుంచి దూలం దాకా వెదురు పుల్ల వేసి దానికి కట్టాలి. నవ్వారు మంచానికి పావు అంగుళం రిబ్బను కావాలి, లంగా నాడా ఈ కొలతకి మరీ వెడల్పు. లక్కపిడతల సెట్టు కొనేటప్పుడు అన్నింటికన్నా చిన్నది అడగండి. అంగుళంన్నర బిందె ఈ ఇంట్లో అడుగున్నర బిందె అవుతుంది.

కొలువులో ఈ ఇంటి పక్కన నూనె దీపం పెట్టకండి, అట్ట నిమిషాల్లో అంటుకుంటుంది. వెలుగు కావాలంటే పెన్సిల్ సెల్లులు రెండు పట్టే, మూతకి స్క్రూ ఉన్న చిన్న లైట్ల దండ కప్పు అడుగున దూలం వెంబడి అతికించండి. గుండీ సెల్లులతో నడిచేవి అసలు వద్దు. చిన్నపిల్లలు మింగితే ప్రాణానికే ముప్పు.

పండుగ అయ్యాక కప్పు విడిగా, ఇల్లు విడిగా పాత దుప్పట్లో చుట్టి, గోడకి ఆనకుండా అటక మీద పెట్టండి. వానకాలంలో తడి గోడకి ఆనితే ముందు పోయేది పీటే, చెదలు పట్టేదీ అక్కడినుంచే.