టియోగా పాస్ దారిలో యారో మొక్కల వెంట

కాలిఫోర్నియాలో యోసెమిటీ నేషనల్ పార్క్ అంటే అందరూ వ్యాలీలోకే దిగుతారు, జలపాతాలు, హాఫ్ డోమ్, ఫొటోలు, అంతే. ఈసారి మేము వ్యాలీ జోలికి పోకుండా బే ఏరియా నుంచి 120 రోడ్డు పట్టుకుని నేరుగా టియోగా పాస్ అనే కొండ కనుమ ఎక్కాం, నేను, మా ఆయన, ఒంగోలు నుంచి వచ్చిన మా అమ్మ. కొండలు ఎంత బాగున్నా నా ధ్యాసంతా యారో అనే ఒక అడవి మొక్క మీదే ఉంది. తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది, ఆకు సన్నటి పోగులుగా చీలిపోయి ఉంటుంది, సముద్రం ఒడ్డున హాఫ్ మూన్ బే దగ్గరా ఉంటుంది, పాస్ పైన మంచు కరిగిన చోటా ఉంటుంది.

బయల్దేరాక ఆల్టమాంట్ కొండలు దాటి కాఫీ కోసం ఆగినచోట కంచె పక్కన ఆవ జాతి మొక్కలు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. అమ్మ ఒక కాయ నలిపి చూసి "ఇయ్యి మన ఆవాలేనే" అంది. మన పోపుల డబ్బాలో ఆవాలు కావమ్మా, వాటికి చుట్టాలు అన్నాను. అప్పుడు గుర్తొచ్చి అర్వైన్ కథ చెప్పాను. దక్షిణ కాలిఫోర్నియాలో అర్వైన్ దగ్గర రెండు చోట్ల పెరిగే పిచ్చి ఆవ మొక్కల విత్తనాలు 1997లో ఏరి దాచారు, తర్వాత వరసగా కరువొచ్చింది, 2004లో అవే చోట్ల మళ్ళీ ఏరారు, పాత గింజల్నీ కొత్త గింజల్నీ ఒకేసారి ఒకే చోట మొలిపించి చూస్తే కరువు చూసిన వాటి సంతానం ముందుగా పూతకొచ్చింది, ఒక చోటి మొక్కలు సుమారు 2 రోజులు, ఇంకో చోటివి ఎనిమిదిన్నర రోజులు ముందు. స్టీవెన్ ఫ్రాంక్స్, షైనా సిమ్, ఆర్థర్ వైస్ అనే సైంటిస్టులు 2007లో దీన్ని పబ్లిష్ చేశారు. వానలు తొందరగా ఆగిపోతే ఆలస్యంగా పూసేవి గింజ కట్టకముందే ఎండిపోతాయి, ముందు పూసినవాటి గింజలే నేలలో పడతాయి, ఏడాదికో తరం కాబట్టి ఏడేళ్ళలో ఆ మొక్కల గుంపులోని జన్యువుల పాళ్ళే మారిపోయాయి. అమ్మ అంతా విని "మీ నాన్న నీళ్ళు రావని తెలిస్తే తక్కువ కాలం రకం వేసేవాడు చూడు, అట్టా అన్నమాట, కాకపోతే ఇక్కడ ఎంచేవాడు ఎవడూ లేడు, ఎండే ఎంచింది" అంది. నేను చదివిన పేపర్లన్నిటికన్నా అమ్మ చెప్పిన ముక్కే సూటిగా ఉందనిపించింది.

ఓక్‌డేల్, గ్రోవ్‌లాండ్ దాటాక 2013లో రిమ్ ఫైర్ అనే కార్చిచ్చులో కాలిన అడవి మొదలవుతుంది. రెండున్నర లక్షల ఎకరాలు పైనే కాలింది, కొన్ని గుట్టల మీద ఇప్పటికీ నల్లటి మోళ్ళు, మధ్యలో పొదలు. ఆవ మొక్కకి కుదిరింది చెట్టుకి కుదరదు, చెట్టు కాపుకి రావడానికే ఏళ్ళు పడుతుంది, ఈలోపు వాతావరణం తన దారిన తను మారిపోతుంటుంది. ఇక్కడి వ్యాలీ ఓక్ అనే చెట్టు మీద విక్టోరియా సార్క్ అనే సైంటిస్టు వాళ్ళ టీమ్ 2019లో చెప్పింది నాకు మనసులో అలాగే ఉండిపోయింది: రకరకాల ఊళ్ళ ఓక్ కాయలు తెచ్చి రెండు తోటల్లో పెంచితే, తమ సొంత చోటు కన్నా చల్లటి చోట నాటినవే బాగా ఎదిగాయట. అంటే ఆ చెట్లు ఇప్పటి ఎండకే వెనకబడి ఉన్నాయి, ఇంకా పెరగబోయే ఎండ సంగతి తర్వాత.

క్రేన్ ఫ్లాట్ దగ్గర ఎడమకి తిరిగితే టియోగా రోడ్డు. అసలు నేను ఈ దారే ఎందుకు పట్టానంటే, జెన్స్ క్లాసెన్, డేవిడ్ కెక్, విలియం హీసీ అనే ముగ్గురు కార్నెగీ ఇన్‌స్టిట్యూషన్ సైంటిస్టులు ఈ వైపే మూడు తోటలు పెట్టి పనిచేశారు, స్టాన్‌ఫర్డ్‌లో 30 మీటర్ల ఎత్తున ఒకటి, మాథర్‌లో 1400 మీటర్ల దగ్గర ఒకటి, టియోగా పాస్ దగ్గర్లో టింబర్‌లైన్ అని 3050 మీటర్ల మీద ఇంకొకటి. ఒకే మొక్కని పిలకలుగా విడదీసి మూడు చోట్లా నాటేవాళ్ళు. కింద సముద్రం వైపు మొక్కలు పైన మొదటి చలికాలానికే చాలావరకు చచ్చిపోయేవి, పైన పుట్టినవి స్టాన్‌ఫర్డ్‌లో చలి లేకపోయినా చలికాలం నిద్రపోయేవి, పొట్టిగానే ఉండిపోయేవి. యారో గింజలు కూడా ఒక్కో ఎత్తు నుంచి తెచ్చి ఒకే తోటలో మొలిపిస్తే పుట్టిన చోటుని బట్టే ఎత్తు ఎదిగాయి. పొట్టితనం గాలి వల్లో చలి వల్లో మాత్రమే వచ్చింది కాదు, గింజలోనే ఉంది. వాళ్ళ మొదటి పుస్తకం 1940లో, యారో మీదది 1948లో వచ్చాయి.

టువాలమీ మెడోస్‌లో కారాపి గడ్డిలోకి నడిచాం. యారోలు మోకాలు దాకా కూడా రాలేదు, ఆకు మీద బూడిదరంగు నూగు, వేలితో రాస్తే ఘాటు వాసన. పాస్ దగ్గర, 9943 అడుగుల మీద, ఇంకా చిన్నవి, రాళ్ళ సందుల్లో నేలకి అంటుకుని జానెడు కాడ మీద పువ్వు. హాఫ్ మూన్ బేలో చూసిన పచ్చటి గుబురూ ఇదీ ఒకటే జాతంటే అమ్మ నమ్మలేదు, ఆకు పక్కన ఆకు పెట్టి ఫోన్లో ఫొటో చూపించాకే ఒప్పుకుంది. ఆయాసం వస్తుంటే రాయి మీద కూర్చుని "మరి ఎండ పెరిగితే ఈ పైనున్నవి ఎటు పోతాయే, పైన ఇంక కొండ లేదుగా" అని అడిగింది.

ఒక మొక్క అంతరించలేదు కదా అని మనం ఊరుకుంటాం గానీ ఆ మొక్కలోనే ఉన్న ఈ పొట్టి రకం పోతే ఏ లిస్టులోనూ ఎక్కదు. అందుకే అడవి గింజల్ని చోటు చోటునా ఏరి దాచడం నాకు ఇంత ముఖ్యం అనిపిస్తుంది, 1997లో దాచబట్టే కదా 2004లో పోల్చి చూడగలిగారు. కాలిన చోట మళ్ళీ నాటేటప్పుడు కూడా కాలిఫోర్నియాలో ఏ జోన్ (ఒకే తీరు వాతావరణం ఉన్న ప్రాంతం) గింజ, ఏ ఎత్తు గింజ అని లెక్క చూస్తారు. ఇకమీదట కాస్త కింది ఎత్తు గింజ కూడా కలిపి నాటాలని నా అభిప్రాయం, మొత్తం మార్చేయకుండా, కొంత భాగం మాత్రమే, ఎందుకంటే వేడికి అలవాటైన గింజకి ఆ పై చోటి మంచు సరిపడకపోవచ్చు.

వెళ్ళాలనుకునేవాళ్ళు జులై ఆఖరు, ఆగస్టు చూసుకోండి, చలికాలమంతా టియోగా రోడ్డు మూసేస్తారు, మంచు ఎక్కువ పడిన ఏడాది జులై దాకా కూడా తెరవరు. పార్కులో ఆకు గానీ గింజ గానీ కోయకూడదు. పాస్ దాటి అవతల లీ వైనింగ్ ఊరి వైపు దిగేటప్పుడు బ్రేకులు జాగ్రత్త.