మా జాకీ అరుపులు, పక్కింటి ఫిర్యాదు: ఆరు వారాల్లో ఏం చేశాం, ఏది పనిచేసింది

"ఏమి అబ్బయ్యా, మీ కుక్క రేత్రంతా మొరగతానే ఉండాది. నిద్దర లేదు మాకు."

పక్కింటి పెద్దాయన గేటు దగ్గర ఈ మాట అన్నప్పుడు నేనిచ్చిన జవాబు, "కుక్కన్నాక మొరక్కుండా ఉంటుందా సార్" అని. ఫిర్యాదు మాటల దగ్గరే ఆగాలంటే ఆ జవాబు మాత్రం ఇవ్వకూడదు. మూడు వారాల తర్వాత అదే ఫిర్యాదు వార్డు సచివాలయం దాకా వెళ్లి, కాగితం మీద మా ఇంటికి వచ్చింది.

మాది నెల్లూరు బాలాజీనగర్‌లో సొంత ఇల్లు. జాకీ మూడేళ్ల మగకుక్క, లాబ్రడార్, దేశవాళీ కలిసిన జాతి. రెండిళ్ల మధ్య మూడడుగుల సందు. రాత్రిపూట దాన్ని ఆ సందులోనే, మోటారు పక్కన కట్టేసేవాళ్లం. నీడ ఉంటుంది, కడగడం సులువు అనుకున్నాం. రెండు పక్కలా సిమెంటు గోడలు, పైన ఆయన పడకగది కిటికీ. కుక్క ఒక్కసారి మొరిగితే ఆ శబ్దం రెండు గోడల మధ్య తగిలి తగిలి నేరుగా ఆ కిటికీలోకి పోతుంది. ముందు గదిలో పడుకునే మాకు అందులో సగం కూడా వినపడదు. "మాకు వినపడలేదే" అని కుక్కను పెంచేవాళ్లు నిజాయితీగానే అంటారు, పక్కింటివాళ్లకు మాత్రం అది బుకాయింపులా ఉంటుంది.

ఫిర్యాదుతో ఎవరైనా వస్తే ముందు మూడు సంగతులు అడగాలి: ఏ టైంలో, ఎంతసేపు, మీరు పడుకునేది ఏ గదిలో. మూడోది ఎవరూ అడగరు, మాకు దారి చూపింది అదే. ఇంకేం వాదించకుండా "వారం రోజులు టైమివ్వండి సార్, ఎందుకు అరుస్తోందో కనుక్కుని వచ్చే ఆదివారం మీకు చెబుతాను" అని తేదీతో సహా మాటివ్వాలి. "చూస్తాంలే" అంటే చూడరని అందరికీ తెలుసు.

ఆ వారం చేసిన పని రికార్డింగ్. పాత సెల్‌ఫోన్ ఒకటి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఛార్జర్‌కు తగిలించి, సందువైపు కిటికీ గూట్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి వదిలేశాం. ఎనిమిది గంటల రికార్డు మొత్తం వినక్కర్లేదు. అరుపు ఉన్నచోట తెర మీద గీత ముళ్లలా లేస్తుంది, అక్కడ వింటే చాలు, పది నిమిషాల పని. అరుపుకు ముందు అర నిమిషం తప్పకుండా వినాలి. కారణం అక్కడే దొరుకుతుంది. నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి టైం, ఎన్ని నిమిషాలు, ముందు వినిపించిన శబ్దం, ఏం చేస్తే ఆగింది అని రాసుకున్నాం.

ఏడు రాత్రుల లెక్క తీస్తే రాత్రికి సగటున పందొమ్మిది నిమిషాలు తేలింది. "చూశారా, రాత్రంతా కాదు" అని ఆ పుస్తకం తీసుకెళ్లి ఆయనకు చూపించాలని చేయి దురద పెట్టింది. చూపించకూడదు. నిద్రలో నాలుగుసార్లు లేచినవాడికి అది రాత్రంతానే. ఆ లెక్క మన కోసం.

పుస్తకంలో అరుపులన్నీ నాలుగు గుంపులుగా పడ్డాయి. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో వీధి చివర చికెన్ కొట్టు కట్టేశాక అక్కడ చేరే వీధికుక్కల గొడవ. రెండింటప్పుడు ఏ శబ్దమూ లేకుండా వచ్చే గొణుగుడు, ఆ వెంటనే అరుపు. తెల్లవారుజామున నాలుగూ యాభైకి పాల ప్యాకెట్ల అబ్బాయి. పగలు మేం ఇంటికి తాళం వేసి వెళ్లిన మొదటి అరగంట. నాలుగూ ఒకేలా వినిపించే అరుపులే అయినా మందులు మాత్రం వేరు. ఒకే చిట్కాతో అన్నీ ఆపాలని చూస్తే ఏదీ ఆగదు.

మొదట కట్టేసే చోటు మార్చాం. సందులోంచి హాల్లోకి తెచ్చాం. మొదటి మూడు రాత్రులు తలుపు గీకింది, కుయ్యిమంది. ఎవరో ఒకరు దాని పక్కనే చాప వేసుకుని పడుకుంటే నాలుగో రాత్రికి సర్దుకుంది. సందువైపు కిటికీ మూసి, టేబుల్ ఫ్యాను రెండో నంబరు మీద పెట్టాం. ఫ్యాను హోరు బయటి చిన్నచిన్న చప్పుళ్లను మింగేస్తుంది, నెల్లూరు దోమలనూ కొంత దూరం పెడుతుంది. అన్నం ఏడున్నరకే పెట్టి, పదింటికి ఒకసారి బయట తిప్పి తెచ్చేవాళ్లం. పదకొండున్నర అరుపుల్లో సగానికి పైగా ఈ ఒక్క మార్పుతో పోయాయి.

గేటు దగ్గర మాత్రం రెండుసార్లు తప్పు చేశాం. గ్రిల్లు సందుల్లోంచి నడిచే కాళ్లు కనపడితే చాలు, జాకీ అరుస్తుంది. అందుకని ముందు ఇనుప రేకు కట్టాం. జాకీ ఆ రేకు మీదికి ఎగిరినప్పుడల్లా అది డప్పు కొట్టినట్టు మోగింది, పాత అరుపే నయమనిపించింది. తర్వాత నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాం. పగలు బాగానే ఉంది గానీ రాత్రి వీధిలైటు వెలుగులో అవతలి మనుషులు నీడల్లా కదులుతుంటే కుక్కకు ఇంకా అనుమానం పెరిగింది. చివరికి బోర్డులు రాసేవాళ్ల దగ్గర దొరికే సన్‌ప్యాక్ అనే ప్లాస్టిక్ షీటు తెచ్చి, కింది నుంచి మూడున్నర అడుగుల ఎత్తుకు కోయించాం. ఆరంగుళాలకొక రంధ్రం పెట్టి ప్లాస్టిక్ ట్యాగులతో బిగించాం. ముడి బయటివైపే ఉండాలి, లోపల ఉంటే కొరికేస్తుంది. నీళ్లు పోవడానికి అడుగున వదిలిన రెండంగుళాల ఖాళీలోంచి మూతి పెట్టి చూడ్డం మొదలుపెట్టింది, దానికొక రబ్బరు పట్టీ వేలాడదీయాల్సి వచ్చింది.

పాల అబ్బాయి విషయంలో మేం మనిషిని అనుమానించాం, రికార్డింగులో వినిపించింది వేరు. నాలుగూ యాభైకి గేటు గడియ ఇనుము మీద ఇనుము పడి "ఠంగ్" అంటుంది, ఆ తర్వాత ఒక్క క్షణానికి మొదటి అరుపు. పాత సైకిల్ ట్యూబు అంగుళం వెడల్పున కోసి గడియకు రెండు చుట్లు చుట్టాం. గేటు తెరిచే పని లేకుండా స్తంభానికి బయటివైపు బుట్ట కట్టి, "తమ్ముడూ, ఇందులో వేసి పో" అని చెప్పాం. మర్నాటి నుంచి ఆ టైంలో పుస్తకంలో గడి ఖాళీ.

రాత్రి రెండింటి అరుపు ఒంటి బాధ. చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో, బెల్టు కింద పిడుదులు. పగలు తిరుగుళ్లలో తెలియదు, రాత్రి సద్దు మణిగాక దురద లేపుతుంది. పశువుల డాక్టరుకు చూపించి బరువును బట్టి మందు వేయించాం. గేదెలకు వాడే పిడుదుల మందు అంచనాగా నీళ్లలో కలిపి పూసే అలవాటు మన వైపు ఉంది. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, చొంగ కార్చుకుంటూ వణికి పడిపోతుంది, ఆ పని వద్దు. కుక్క ఒంటి మీద చంపితే పని అయిపోదు. పిడుదు దిగిపోయి గోడ పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పరుపుగా వేసిన గోనెసంచి పారేసి, మోటారు పక్క గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చాం.

ఇక "చాలు" నేర్పడం. కోడి లివరు ఉప్పు లేకుండా ఉడికించి బఠాణీ గింజంత ముక్కలు ముప్పై కోసుకోవాలి, ఆ మేరకు అన్నం తగ్గించాలి. అరుపు మొదలవడానికి ముందు కుక్క చెవులు ముందుకు వస్తాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, గొంతులో చిన్న గుర్రు, పెదవుల అంచులు గాలి పట్టినట్టు ఉబ్బుతాయి. ఆ పెదవులు ఉబ్బే క్షణంలో పట్టుకుంటే పని తేలిక. తప్పిపోతే రెండు మూడు అరుపులు అరవనిచ్చి, మామూలు గొంతుతో ఒక్కసారి "చాలు" అని, ముక్క ముక్కు ముందు పెట్టాలి. వాసన చూస్తూ అరవలేదు. నోరు మూసి రెండు సెకన్లు ఉన్నాకే ఇవ్వాలి. రెండు రోజులకు అయిదు సెకన్లు, తర్వాత పది, తర్వాత అర నిమిషం. రోజుకు మూడు దఫాలు, దఫాకు అయిదు నిమిషాలు మించకూడదు. కాలింగ్ బెల్ శబ్దం సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకుని ముందు సన్నగా వినిపిస్తూ ఇలాగే సాధన చేయించాం.

ఇక్కడ చెడేది కుక్క వల్ల కాదు. అరుస్తుండగానే ముక్క ఇచ్చేస్తారు, అరిస్తే లివరు వస్తుందని నేర్చుకుంటుంది. ఇంట్లో ఒకరు "ష్" అంటారు, ఒకరు "చాలు" అంటారు, పిల్లలు "జాకీ!" అని కేకేస్తారు. కేకేస్తే వీళ్లూ నాతో కలిసి అరుస్తున్నారనుకుంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, అరిచినా ఎవరూ పట్టించుకోని కొత్తలో నాలుగైదు రోజులు అరుపు పెరుగుతుంది. పాత పద్ధతి పనిచేయలేదని గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. ఆ వారం వదిలేస్తే మొత్తం వృథా. అందుకే పక్కింటికి ముందే చెప్పాలి: "సార్, ఈ వారం ఇంకాస్త ఎక్కువగా ఉండొచ్చు, వచ్చే వారం తగ్గుతుంది." చెప్పకపోతే మనం కావాలని చేస్తున్నామనుకుంటారు.

పగటి అరుపు ఒంటరితనం. తాళంచెవి తీసుకుని, చెప్పులేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా కూర్చోవడంతో మొదలు. తర్వాత అర నిమిషం బయట, ఒక నిమిషం, మూడు, అయిదు. అయిదో నిమిషంలో అరిస్తే మళ్లీ మూడుకు దిగాలి. నలభై నిమిషాలకు చేరడానికి మూడు వారాలు పట్టింది. వెళ్లేటప్పుడు బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి, రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చేవాళ్లం. ఉప్పు లేదు, పోపు లేదు, ఉల్లిపాయ అసలే కూడదు, కుక్కకు విషం. గడ్డకట్టిన అన్నం నాకడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మామూలుగా మేం వెళ్లాక ఎక్కువ అరిచేది ఆ మొదటి ఇరవై నిమిషాల్లోనే. ఎండాకాలం ఉదయం ఆరులోపే నలభై నిమిషాలు నడిపించి తేవాలి. ఎండెక్కాక మన తారురోడ్డు మీద దాని పాదాలు కాలతాయి.

కరెంటు బెల్టు కొనమని చాలామంది చెప్పారు. పక్కింటాయన్ని చూసి అరిచినప్పుడు షాకు తగిలితే, ఆ నొప్పి ఆయన వల్లే అనుకుంటుంది, అరిచే కుక్క కరిచే కుక్కవుతుంది. మూతికి బిగుతు చిక్కం వేసి వదిలేయడం అంతకంటే ప్రమాదం. కుక్క నోరు తెరిచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది, మన మే నెల వేడికి ప్రాణం మీదికొస్తుంది.

సచివాలయం నుంచి వచ్చినవాళ్లు అడిగింది రేబిస్ టీకా కార్డు, కుక్కను ఎక్కడ ఉంచుతున్నామన్నది. కార్డు, నోటు పుస్తకం రెండూ చూపించాం. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) పేరుతో ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. చట్టం సంగతి రెండు వైపులా తెలిసి ఉండటం మంచిది. మొరుగుతోందన్న కారణంతో పెంపుడు కుక్కను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగని మనకు స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు. చుట్టుపక్కలవాళ్లందరికీ ఇబ్బందిగా మారితే భారతీయ న్యాయ సంహిత 292 కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి, తిప్పకుండా ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మా సందు ఏర్పాటు దానికి ఎంత దగ్గరగా ఉందో అప్పుడు అర్థమైంది. కుక్కకు విషం పెట్టి చంపితే న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. ఈ సెక్షన్ నంబర్లు మన దగ్గర ఉంచుకోవాలి, గేటు దగ్గర పలకకూడదు. పలికిన రోజు నుంచి మాట్లాడుకోవడం పోయి కాగితాలే నడుస్తాయి.

పెద్దాయనకు నా నంబరిచ్చి, "నిద్ర చెడితే టైం ఒక్కటే మెసేజ్ పెట్టండి సార్, నేను చూసుకుంటా" అన్నాను. రెండో వారంలో "11.25" అని, "2.10" అని రోజూ వచ్చేవి. అవి మా పుస్తకంలో లేని అరుపులను పట్టిచ్చాయి. ప్రతి ఆదివారం గేటు దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఏం మారిందో చెప్పేవాణ్ని. అయిదో వారంలో ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది, "3.00. మీది కాదులే, వీధివి."

మైకులో "పాత ఇనప సామాన్లు కొంటాం" అని తిరిగే ఆటోకు ఇప్పటికీ అరుస్తుంది. పగలు పదకొండింటికి, నిమిషంలో అయిపోతుంది, దాన్ని వదిలేశాం. మిగిలింది భాద్రపదం. వీధిలో ఆడకుక్కలు ఎదకు వచ్చే రోజులు, పైగా వినాయకుడి పందిళ్ల మైకులు. మగకుక్కకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయిస్తే ఆ తహతహ తగ్గుతుంది, గానీ దాని ప్రభావం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి శ్రావణంలోపే చేయించాలి. గేటు దగ్గర కాపలా అరుపు దానితో పోదు, అందుకు "చాలు" సాధనే. డాక్టరు దగ్గర తేదీ తీసుకున్నాం. గడియకు చుట్టిన ట్యూబు ముక్క ఎండకు పగిలింది, ఈలోపు అది కూడా మార్చాలి.