పర్లాకిమిడిలో విదేశీ మామయ్య

శ్రీకాకుళంలో బస్సెక్కి పాతపట్నంలో దిగేదాకా చెప్పుకోదగ్గది ఏమీ లేదు, కిటికీ అద్దం బిగుసుకుపోయి మొహం నిండా దుమ్ము కొట్టిందన్నది తప్ప. పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి ఎంత దూరమని! అయినా ఆటో అతను మనిషికి 50 రూపాయలన్నాడు. అదేమిటంటే "రాష్ట్రం దాటాలి కదా సార్" అన్నాడు, సముద్రం దాటిస్తున్నట్టు. మాట్లాడకుండా ఎక్కి కూర్చున్నాను. ఎండలో బేరాలాడే ఓపిక లేదు.

మా మేనమామ అమెరికాలో ఉద్యోగం ముగించుకుని, పుట్టిన ఊళ్ళోనే ఉంటానని తాతగారి పెంకుటిల్లు బాగు చేయించుకున్నాడు. "నువ్వొచ్చి ఫోనూ టీవీ పెట్టించి వెళ్ళరా, ఒక పూట పనే కదా" అని కబురు చేశాడు. ఆ పూట సాగి సాగి ఎక్కడికి పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాజుగారి కోటకు దగ్గర్లో బజారులో ఒక సిమ్ కార్డుల దుకాణం ఉంది. కుర్రాడు మాతో తెలుగులో, పనివాడితో ఒడియాలో, ఫోనులో కంపెనీవాళ్ళతో హిందీలో మాట్లాడుతున్నాడు. "ఆధార్ ఇవ్వండి సార్, ఐదు నిమిషాలు" అన్నాడు. మామయ్య నీలంరంగు అమెరికా పాస్‌పోర్టు, దానితో పాటు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చేది) బల్ల మీద పెట్టాడు. కుర్రాడు పాస్‌పోర్టులో పుట్టిన ఊరి పేరు చూసి, మామయ్య మొహం చూసి, మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు.

ఓసీఐ ఉన్నవాళ్ళు ఆధార్ తీసుకోవచ్చు. కాకపోతే దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. మామయ్య దిగి ఇంకా నెల కాలేదు. అందుకని విదేశీయుల పద్ధతిలో పోవాలన్నాడు కుర్రాడు. పాస్‌పోర్టుకు ఫొటో, కార్డుకు ఫొటో, మనిషికి ఫొటో, ఇక్కడి చిరునామా, హామీగా ఒక స్థానికుడి నంబరు. నా నంబరు చెప్పబోతే "మీది ఆంధ్రా సార్, చెల్లదు" అన్నాడు. చివరికి ఎదురు దుకాణంలో మిఠాయిలు అమ్మే ఆయన చేయి తుడుచుకుంటూ వచ్చాడు. వాళ్ళ నాన్నా మామయ్యా ఒకే బడిలో చదివారట. ఆయన ఫోనుకు వచ్చిన ఓటీపీ గట్టిగా చదివాడు. అక్కడితో గండం గడిచిందనుకున్నాం.

అప్పుడు వచ్చింది అసలు తంటా. తెర మీద "వీసా గడువు తేదీ" అని ఒక గడి ఉంది. ఓసీఐ అంటే జీవితకాలం చెల్లే వీసా, దానికి గడువు తేదీ ఉండదు. గడి ఖాళీగా వదిలితే ఎర్రగా మారి ముందుకు కదలదు. కుర్రాడు కంపెనీకి ఫోను చేశాడు. వాళ్ళు కాసేపు సంగీతం వినిపించి, "గడువు లేని వీసా ఉండదు" అని తేల్చేశారు. మామయ్యకు కోపం వచ్చింది. "నేను ఎప్పుడు చస్తానో రాసుకోమను" అన్నాడు. కుర్రాడు నవ్వు ఆపుకుంటూ పాస్‌పోర్టు గడువు తేదీని ఆ గడిలో కొట్టాడు. గడి పచ్చబడింది. అంటే పాస్‌పోర్టు మార్చుకున్నప్పుడల్లా ఈ తతంగం మళ్ళీ ఉంటుందేమో.

సిమ్‌లో ప్రాణం వచ్చేదాకా మిఠాయి దుకాణంలోనే కూర్చున్నాం. మామయ్య పాత సంగతులు తవ్వాడు. అమెరికాలో అడుగుపెట్టిన కొత్తలో ఇంటికి ఫోను కావాలంటే, అప్పులు తీర్చిన చరిత్ర ఏదీ లేదని డిపాజిట్ కట్టించుకున్నారట. టీవీలో తెలుగు లేదు. ఇండియా సరుకుల దుకాణంలో వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకునేవారు. ఇక్కడ అమ్మమ్మతో మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి రాత్రంతా మేలుకోవడమే. "అక్కడ పరాయివాణ్ణన్నారు, సరే. ఇక్కడేమిటిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఖాజా మాత్రం బాగుంది.

టీవీ ఇంకో కథ. ఉపగ్రహానికి జిల్లాలూ రాష్ట్రాలూ తెలియవు, డిష్ దేశంలో ఎక్కడ బిగించినా అన్ని భాషలూ అందుతాయి. కానీ చిరునామాలో 761200 అని పిన్‌కోడు కొట్టగానే ఒడియా ప్యాకేజీలే వరసగా వచ్చాయి. తెలుగు కావాలంటే అడిగి వేయించుకోవాలి. ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక తెలుగు కోసం ఆయన పోరాడింది ఇక్కడ ఉంటూనే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. వెళ్ళనివాళ్ళు ఉన్నచోటే ఉండి నేటికీ తెలుగు మాట్లాడుతున్నారు. పిన్‌కోడు చూసి భాష కట్టబెట్టే యంత్రానికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

డిష్ బిగించడానికి వచ్చినతను ఒడియా అబ్బాయి. పెంకుల మీద కాలు పెట్టలేక పెరటి గోడకు బిగించాడు. కొబ్బరిమట్ట అడ్డొస్తే మామయ్యే కత్తి తెచ్చి నరికాడు. హద్దు గుర్తు పెట్టి మరీ గొడవపడే పక్కింటివాళ్ళు కూడా ఆ రోజు ఏమీ అనలేదు. ధరలు విని మామయ్య మళ్ళీ చిరాకుపడ్డాడు. 2019లో టెలికాం, టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన పద్ధతిలో చానెళ్ళు చూపించినందుకే నెలనెలా ఒక రుసుము కట్టాలి; అప్పట్లో దానికి పెట్టిన పరిమితి 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. డబ్బు కట్టి చూసే చానెళ్ళు దాని పైన. "మరి దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు నెలనెలా ఏమీ కట్టక్కర్లేదుగా?" అని నేనంటే, వార్తల చానెళ్ళలో అరుపులు లేకపోతే తోచదన్నాడు. అమెరికాలో నిశ్శబ్దంగా బతికిన మనిషి!

అమెరికా బ్యాంకు ఓటీపీలు పాత నంబరుకే వస్తాయి గనుక అదీ ఉంచుకోవాలి. రెండు సిమ్‌లూ ఒకే ఫోనులో వేసి, ఏది ఎప్పుడు వాడాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. మామయ్య కొత్త నంబరు నుంచి మొదటి ఫోను రెండు వీధుల అవతల ఉన్న చిన్ననాటి స్నేహితుడికి చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఆయన కట్ చేశాడు. తెలియని నంబర్లు ఎత్తవద్దని కొడుకు చెప్పాడట, ఆ సంగతి తర్వాత తెలిసింది. మామయ్య ఫోను బల్ల మీద పడేసి, చెప్పులేసుకుని, వాణ్ణి తిట్టి వస్తానని బయలుదేరాడు.