‘మ్యాచ్’ కార్డు మళ్లీ రాశాను

ఆదివారం

ఇంగ్లిష్ మాటల కార్డుల్లో ఈ వారం వంతు ‘మ్యాచ్’ది. అరగంటలో తేలిపోతుందనుకున్నాను. కార్డు మీద తోచిన అర్థాలన్నీ రాశాను: క్రికెట్ మ్యాచ్, పెళ్లి సంబంధం, జోడీ, సరితూగడం, అగ్గిపుల్ల. ఓ మూల మన మ్యాచింగ్ సెంటర్‌నీ చేర్చాను. జాకెట్ ముక్కని చీర కొంగుకి ఆనించి, ట్యూబ్‌లైట్ వెలుతురు నమ్మలేక గుమ్మం దాకా వచ్చి ఎండలో చూసుకునేవాళ్లని చూస్తే ఆ మాటకి అర్థం వేరే చెప్పక్కర్లేదు.

అగ్గిపుల్ల దగ్గరే తెలివి ఎక్కువైంది. పుల్లా పెట్టె అంచూ జత కలిస్తేనే మంట, అందుకే ఆ పేరు అనుకుని బాణం గీసేశాను. అదీ పెన్నుతో!

మంగళవారం

బాణం తప్పు. పెద్ద నిఘంటువులో ‘మ్యాచ్’ పక్కన, కాస్త పైకి, చిన్నగా 1, 2 అని అంకెలున్నాయి. స్పెల్లింగ్ ఒకటే అయినా పుట్టుక వేరని గుర్తు. ఇన్నాళ్లూ వాటిని పట్టించుకోనేలేదు.

మొదటిది పాత ఇంగ్లిష్ ‘యెమాచ్చా’. జంటలో ఒకరు, తోడు అని అర్థం. సరిజోడు, సంబంధం, ఆటలో పోటీ అన్నీ దీని పిల్లలే. రెండోది పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది, దీపం వత్తి అని అర్థం. ఇప్పటికీ ఫ్రెంచ్‌లో వత్తిని ‘మెష్’ అంటారు.

వత్తి పుల్లగా ఎలా మారింది? మధ్యలో తుపాకీ ఉంది. మ్యాచ్‌లాక్ తుపాకీకి సూరేకారంలో నానబెట్టి ఆరబెట్టిన తాడు బిగించేవారు. కొసకి నిప్పంటిస్తే ఆరిపోకుండా మెల్లగా కాలుతూ ఉంటుంది. మీట నొక్కితే ఆ కొస వంగి మందుని తాకుతుంది. ఆ తాడు పేరే మ్యాచ్. 1827లో ఇంగ్లండ్‌లోని స్టాక్‌టన్‌లో మందుల షాపు నడిపే జాన్ వాకర్, గీస్తే వెలిగే పుల్లల్ని ‘ఫ్రిక్షన్ లైట్స్’ అని అమ్మాడు. జనం నోట నిలిచింది మాత్రం పాత పేరే. మన కొవ్వొత్తిలోనూ వత్తి ఉందిగా, నాకు ముందే తట్టాల్సింది.

గురువారం

పాత కార్డు చించేసి రెండు రాశాను. ఇకమీదట ముందు అంకెలు చూడటం, అంకెకో కార్డు. ఒక్కో అర్థం ఏ కాలంలో మొదట కనబడిందో పక్కనే రాయాలి. సొంత ఊహలు పెన్సిల్‌తోనే.

వచ్చే వారం ‘బార్క్’. కుక్క మొరగడం, చెట్టు బెరడు, పాతకాలపు ఓడ. మూడు ఖాళీ కార్డులు ఇప్పుడే తీసి పెట్టాను.