చుక్క ఎక్కడ పెట్టాలె?

డెంగీ కేసు అని తేలంగనే పైనుంచి వచ్చే మొదటి ప్రశ్న: "ఇంటి నంబరెంత?" ఆ నంబరు మీద మ్యాపుల ఎర్రచుక్క పడుతది. చుక్క చుట్టూ మేం ఫాగింగ్ చేస్తం, నీళ్లు పారబోయిస్తం. మలేరియాకైతే ఈ లెక్క బాగనే నడిచింది. అనాఫిలిస్ దోమ రాత్రి కుడుతది, మనిషి పండుకునేది ఇంట్లనే గదా. డెంగీ దోమ ఏడిస్ పగలు కుడుతది. పగలంతా ఇంటి పట్టున ఉండేటోళ్లు ఎంతమంది?

నేను చండూరు దిక్కు హెల్త్ అసిస్టెంటును. చేనేత ఊరు. మొన్నటి వానల్ల మా ఊరి మ్యాపు చూస్తే చుక్కలు తలా ఒక వాడల ఉన్నయి, ఒకదానికొకటి పొంతన లేదు. కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు గాని జ్వరం రాదు. అందుకని అందరినీ ఒకటే అడిగిన: "జరం రాకముందు పది దినాలు పగటిపూట యాడున్నవ్?" ఎక్కువమంది ఒకటే మగ్గాల షెడ్డు పేరు చెప్పిన్రు. కొందరు నేసేటోళ్లు, కొందరు కండెలు చుట్టేటోళ్లు. గుంట మగ్గం మీద కూసుంటే కాళ్లు గుంటల, నీడల ఉంటయి. ఏడిస్‌కు కావాల్సింది గదే.

షెడ్డుల గిన్నె, బకెటు అన్నీ చూసిన, ఏం దొరకలే. గోడ అవుతల ఒక పెద్దమ్మ ఇంట్ల సిమెంటు గోలెం ఉంది. నల్లా నీళ్లు, పైన రేకు సగమే కప్పింది. టార్చి కొట్టంగనే దోమలయ్యే పురుగులు మెలికలు తిరుగుకుంట అడుక్కు దిగినయి. ఈ దోమ మహా అయితే కొన్ని వందల మీటర్లు పోతది, దానికి ఆ గోడ ఒక లెక్కనా?

"మా ఇంట్ల ఎవ్వలికి జరం లేదు బిడ్డా, మా గోలెం ఎందుకు ఒంపుతున్నవ్?" అని కోప్పడ్డది. మ్యాపు చూసినా ఆమె మాటే నిజం, ఆ ఇంటి మీద చుక్క లేదు. ఒంపుడొక్కటే చాలదు, గోడలకు అంటిన గుడ్లు నీళ్లు లేకున్నా నెలల తరబడి బతుకుతయి. కొబ్బరిపీచుతోటి లోపలంతా రుద్దినం. ఆమె తిట్టుకుంటనే పీచు అందిచ్చింది.

హైదరాబాద్ హాస్టల్ నుంచి జ్వరంతోటి బస్సెక్కి వచ్చిన పిల్లల చుక్కలు గూడ మా ఊరి మీదనే పడ్డయి, అది ఇంకో తలనొప్పి.

నేను నింపే ఫారంల "పగటి చోటు" అని గడి లేదు. నా నోటుబుక్కుల గీత కొట్టి ఒక గడి పెట్టుకున్న. మీటింగ్‌ల అడిగిన, "రిమార్క్స్‌ల రాయి" అన్నరు. రాస్తున్న. గని రిమార్క్స్‌ల రాసింది మ్యాపు మీదికి ఎక్కదు.